వించ్ తగిలించాక ముక్కు వాలిన జీపును మట్టానికి తేవడం ఎలా?

నెల్లూరు జిల్లా విడవలూరు దాటి సముద్రం వైపు పోతే రొయ్యల చెరువుల గట్లు. ఒక్క జల్లు పడితే చాలు, మేత బస్తాలు తెచ్చిన బండి ఇరుసు దాకా దిగబడుతుంది. ట్రాక్టర్ కోసం గంటలు గంటలు ఎదురు చూడలేక నా పాత థార్‌కు వించ్, అంటే దిగబడిన బండిని తాడుతో లాగే మోటారు, పెట్టించాను. వించ్‌కు తోడుగా రెండో బ్యాటరీ వచ్చింది, ఇంజిన్ కింద రాళ్లు తగలకుండా మందపాటి ఇనుప రేకు వచ్చింది. నెల తిరిగేసరికి బండి ముందుకు వాలిపోయింది. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ ముందు నుంచి ధబ్‌మని చప్పుడు.

దగ్గర్లో ఉన్న ఒక షెడ్డుకు తీసుకెళ్తే పది నిమిషాల్లో ముందు బోల్టులు బిగించి ముక్కు పైకి లేపారు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంది. ఆరు వేల కిలోమీటర్లు తిరిగేలోపు ముందు టైర్లు రెండూ లోపలి అంచున నున్నగా అరిగిపోయాయి. ముందు యాక్సిల్ రబ్బరు బూటు చిరిగి గ్రీజంతా చక్రం లోపలి వైపు చిమ్మింది. చిన్న గుంట వచ్చినా చక్రం కిందికి జారి టక్కుమని ఆగేది. చప్పుడు పోలేదు, ధబ్ కాస్తా టక్ అయింది.

ఆ తర్వాత నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన బండి కిందికి కూడా వంగలేదు. "అబ్బయా, కుంగింది బోల్టు వదులై కాదు గదా. ముందర ఎంత బరువు పెట్టావో అది చెప్పు మొదట" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. షెడ్డులో బిగించిన బోల్టులను మొదటి చోటికి వదులు చేయించి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ ప్రశ్న దగ్గర మొదలవుతుంది. మీ బండి థార్ కావచ్చు, బొలెరో కావచ్చు, జిమ్నీ కావచ్చు, ఇసుజు వి-క్రాస్ కావచ్చు. పానా పట్టేముందు మూడు పనులు చేయండి: కొలవండి, తూయించండి, తగ్గించగలిగిన బరువు తగ్గించండి.

ముందు కొలత

నేల చదునుగా ఉండాలి. చదునుగా ఉందని కంటికి అనిపిస్తే సరిపోదు. ఇంటి ముందు సిమెంటు చేసిన జాగాకు కూడా నీళ్లు పోవడానికి వాటం పెట్టి ఉంటారు. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపు ఒకటి తెచ్చుకోండి. నాలుగు చక్రాలు నిలిచే చోట్ల పైపు పట్టి చూస్తే ఎక్కడ ఎంత తేడా ఉందో తెలిసిపోతుంది. నేను మేత గోడౌన్ లోపలి నేల చూసుకున్నాను. ఒక మూల 8 మిల్లీమీటర్లు పల్లంగా ఉంటే ఆ చక్రం కింద పలుచని ప్లైవుడ్ ముక్క పెట్టాను.

టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత పెట్టండి. ట్యాంకులో డీజిల్ ఎంత ఉందో రాసుకోండి, మళ్లీ కొలిచే రోజు కూడా అంతే ఉండాలి. డ్రైవర్ సీట్లో మనిషి బరువు కూడా పెట్టాలి. మా దగ్గర 25 కిలోల మేత బస్తాలు ఉంటాయి కాబట్టి మూడు పెట్టాను. తర్వాత బండిని పది అడుగులు ముందుకు పోనిచ్చి మెల్లగా ఆపండి, గేరు తీసి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి హ్యాండ్ బ్రేకు వదిలేయండి. ముందు బంపరు, వెనక బంపరు నాలుగైదు సార్లు అదిమి వదలండి. బ్రేకు పట్టి ఉంటే సస్పెన్షన్ స్వేచ్ఛగా కూర్చోదు, కొలత తప్పుతుంది.

ఇప్పుడు చక్రం మధ్య బిందువు నుంచి నిలువుగా పైకి, మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలవండి. నేల నుంచి కొలవొద్దు. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి తేడా అందులో కలిసిపోతాయి. మనకు కావలసింది స్ప్రింగు ఎంత కుంగిందన్నది మాత్రమే. నాలుగు మూలలా కొలిచి కాగితం మీద రాయండి. ఆ తర్వాత కిందికి వంగి బంప్ రబ్బరుకు (చక్రం మరీ పైకి పోకుండా ఆపే రబ్బరు ముద్ద), అది తగిలే ఇనుముకు మధ్య ఎంత సందు ఉందో కూడా చూడండి. స్పీడ్ బ్రేకర్ దగ్గర ధబ్‌మనేది ఈ సందు చాలకే. నా బండికి ముందు వైపు బొటనవేలు కూడా దూరలేదు. రబ్బరు మొన నలిగి, తగిలిన చోట ఇనుము మీద రంగు లేచి మెరుస్తోంది. ఆ మెరుపు కనిపిస్తే చక్రం రోజూ అక్కడికి కొట్టుకుంటున్నట్టే.

పోల్చుకోవడానికి అదే మోడల్, ఏమీ తగిలించని బండి దొరికితే దాన్ని కూడా అదే నేల మీద కొలవండి. నేను నా బండి వెనక సామాను దించి, తెలిసినవాళ్ల బండి తెప్పించి చూస్తే నా బండి ముందు ఎడమ 24, కుడి 30 మిల్లీమీటర్లు కిందికి ఉంది. వెనక మాత్రం 5 మిల్లీమీటర్లు పైకి లేచింది. వెనక ఎందుకు లేచిందో తర్వాతి లెక్కలో తెలుస్తుంది.

ఒక ముఖ్యమైన మాట. కొత్త బండి ఖాళీగా ఉన్నప్పుడు చాలా మోడళ్లలో వెనక కాస్త ఎత్తుగానే ఉంటుంది. మనుషులు, సామాను ఎక్కితే మట్టానికి రావాలని కంపెనీ వాళ్లు అలా పెడతారు. కాబట్టి ఖాళీ బండి ముందూ వెనకా ఒకే ఎత్తులో కనిపించాలని పట్టుబట్టకండి. అలా చేస్తే ఐదుగురు ఎక్కిన రోజు ముక్కు ఆకాశం వైపు, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలోకి. మీరు ఎక్కువగా ఏ బరువుతో తిరుగుతారో ఆ బరువుతో బండి మట్టంగా ఉండాలి. గమ్యం అదే.

కాటా మీదికి

తగిలించిన ప్రతి వస్తువు విడిగా తూకం వేయండి. అమ్మినవాళ్లు చెప్పిన బరువులో ఒక్కోసారి బోల్టులు, పట్టీలు, తాడు కలవవు. నాది ఇలా తేలింది: ఉక్కు తాడుతో వించ్ 40 కిలోలు, దాన్ని పట్టే ప్లేటు 14, కింది రేకు 18, ట్రేతో సహా బ్యాటరీ 22. మొత్తం 94 కిలోలు.

అయితే ముందు చక్రాల మీద పడింది 94 కాదు. వించ్ ముందు ఇరుసు కంటే ముందుకు పొడుచుకొని ఉంటుంది. తూగుడు బల్ల మీద పిల్లవాడు చివరికి జరిగితే ఏమవుతుందో అదే ఇక్కడా జరుగుతుంది. లెక్క సులువు. ఇరుసుకు ముందు ఆ వస్తువు ఎంత దూరంలో ఉందో కొలిచి, ఆ దూరాన్ని రెండు ఇరుసుల మధ్య దూరంతో భాగించండి. వచ్చినదాన్ని వస్తువు బరువుతో గుణిస్తే అదనంగా పడే భారం తెలుస్తుంది. నా వించ్ ఇరుసుకు సుమారు 600 మిల్లీమీటర్లు ముందు ఉంది, ఇరుసుల మధ్య 2,430. అంటే దాదాపు నాలుగో వంతు. 40 కిలోల వించ్ ముందు చక్రాలను 50 కిలోలతో నొక్కుతుంది, ఆ ఎక్కువైన 10 కిలోలు వెనక చక్రాల మీంచి లేపుతుంది. వెనక 5 మిల్లీమీటర్లు ఎందుకు లేచిందో ఇప్పుడు అర్థమైంది కదా. ప్లేటు, రేకు, బ్యాటరీ కూడా ఇలాగే లెక్కేస్తే ముందు ఇరుసు మీద పెరిగింది సుమారు 105 కిలోలు.

చక్రానికి 52 కిలోలు పెరిగి, సగటున 27 మిల్లీమీటర్లు కుంగింది. అంటే ఒక్కో చక్రం మీద ప్రతి 2 కిలోలకు ఒక మిల్లీమీటరు. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే రేపు ఇంకేదైనా తగిలించాలనుకున్నప్పుడు ఎంత కుంగుతుందో ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు.

తర్వాత బండిని వేబ్రిడ్జికి తీసుకెళ్లండి. నెల్లూరు చుట్టూ రైస్ మిల్లుల దగ్గర, చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల దారిలో కాటాలకు కొదవ లేదు. మూడు చీటీలు తీయించండి: ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకటి, మొత్తం బండి ఒకటి, వెనక చక్రాలు మాత్రమే ఒకటి. మొదటిదీ మూడోదీ కూడితే రెండోదానికి దగ్గరగా రావాలి. రాకపోతే కాటా బల్లకూ దారికీ ఎత్తు తేడా ఉన్నట్టు, వేరే చోట తూయించండి. పెద్ద లారీల కాటాలు చిన్న తేడాలు చూపించవు, అందుకే వస్తువులను విడిగా తూయమన్నాను. ఈ చీటీలోని మొత్తాన్ని, మీరు మామూలుగా ఎక్కించుకొనే మనుషులను, సామానును కలిపి ఆర్‌సీలో, బండి పుస్తకంలో రాసిన గరిష్ఠ బరువుతో పోల్చండి. దాటితే ఇక స్ప్రింగుల సంగతి పక్కన పెట్టండి. స్ప్రింగు మార్చినంత మాత్రాన బ్రేకులు, బేరింగులు, ఇరుసు మోసే బరువు పెరగదు.

తగ్గించండి

ఈ మెట్టు దగ్గర చాలామంది ఆగరు, నేరుగా స్ప్రింగుల దుకాణానికి పోతారు. నాకు పెద్దగా ఖర్చు కాకుండా ఎక్కువ మేలు జరిగింది ఇక్కడే.

ముందు బంపరుకు పెద్ద ఇనుప బుల్ బార్ ఉంటే ముందు అది తీసేయండి. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు ఇవి విరుద్ధమని చెప్పింది. చట్టం సంగతి అలా ఉంచినా, అది తగిలితే నడిచే మనిషి బతకడం కష్టం. దెబ్బ మెత్తగా పీల్చుకోవాల్సిన ముందు భాగం గట్టిపడి ఎయిర్‌బ్యాగులు సరైన వేళకు తెరుచుకోకపోవచ్చు. పైగా ముక్కు మీద బరువు. మిగతా తగిలింపుల గురించి కూడా ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే రాసి చెప్పండి, ఏ మార్పుకు అనుమతి కావాలో ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి.

వించ్‌కు ఉక్కు తాడు బదులు సింథటిక్ తాడు, ఇనుప రోలర్ గైడు బదులు అల్యూమినియం గైడు పెడితే దాదాపు పది కిలోలు తగ్గుతుంది. అది కూడా ముక్కు చివరి పది కిలోలు. అయితే మన గట్ల మీద ఇసుక, ఉప్పు మట్టి సింథటిక్ తాడు పోగుల్లోకి దూరి లోపల్నుంచి కోస్తాయి. వాడిన రోజు బకెట్ మంచినీళ్లలో నానబెట్టి కడగాలి, ఎండ తగలకుండా కవరు వేయాలి. ఇది చేయలేనివాళ్లు ఉక్కు తాడే ఉంచుకోండి.

రెండో బ్యాటరీని బానెట్ కింద నుంచి తీసి ఎడమ సీటు కిందికి మార్చాను. ఎడమే ఎందుకంటే డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు, నా బండి కుడికి 6 మిల్లీమీటర్లు ఎక్కువ వాలింది. రెండు ఇరుసుల నడుమకు వచ్చేసరికి ఆ 22 కిలోల్లో సగం వెనక చక్రాలు పంచుకున్నాయి. కేబుల్ మందంగా ఉండాలి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి, కేబుల్ ఎక్కడా ఇనుప అంచుకు రాసుకోకూడదు. సీలు చేసిన రకం బ్యాటరీ అయితేనే క్యాబిన్ లోపల పెట్టండి.

ఈ రెండు మార్పులతోనే, పానా పట్టకుండానే, ముందు 6 మిల్లీమీటర్లు లేచింది.

పాతవి బాగున్నాయా?

కొత్త బరువు మీద నెపం వేసేముందు పాత భాగాలను ఒకసారి చూడండి. కాయిల్ స్ప్రింగు అయితే కింది చుట్టు చివర విరిగిందేమో వేలితో తడిమి చూడండి. అది కూర్చునే గిన్నెలో మట్టి పేరుకుంటుంది కాబట్టి కంటికి కనిపించదు. కమాన్ కట్టలైతే (ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగులు) ఒక్కో పట్టీ పక్కన టార్చి వేసి వెంట్రుక మందం పగులు వెతకండి. ఉప్పు గాలికి పట్టీల మధ్య తుప్పు పొరలు పొరలుగా ఉబ్బి ఉంటుంది. షాకిల్ (కట్ట చివరను ఛాసిస్‌కు కలిపే భాగం) రబ్బరు బుష్‌లు, షాక్ అబ్సార్బర్ల నూనె కారడం కూడా చూడండి. కుడి ఎడమల మధ్య తేడా 10 మిల్లీమీటర్లు దాటితే, బరువు రెండు వైపులా సమానంగానే ఉంటే, ఏదో ఒకటి అలిసిపోయిందన్నమాట. దాన్ని ముందు మార్చండి.

టార్షన్ బార్ ఉన్న బండ్లు

2010లో వచ్చిన పాత థార్ సీఆర్‌డీఈలాంటి బండ్లకు ముందు వైపు కాయిల్ ఉండదు. పొడుగాటి ఉక్కు కడ్డీ మెలిక తిరుగుతూ స్ప్రింగు పని చేస్తుంది. దాని చివర ఛాసిస్ దగ్గర ఒక బోల్టు ఉంటుంది. దాన్ని బిగిస్తే ముక్కు లేస్తుంది. చేయడం ఇంత సులువు కాబట్టే ఇంత మంది పాడు చేసుకుంటున్నారు.

బోల్టు బిగిస్తే కడ్డీ బలం పెరగదు. చక్రం నిలిచే చోటు మారుతుంది, అంతే. చక్రానికి పైకి పోవడానికి కొంత, కిందికి జారడానికి కొంత దారి ఉంటుంది. బోల్టు బిగించేకొద్దీ పైదారి పెరిగి కిందిదారి తగ్గుతుంది. నా బండికి షెడ్డులో కిందిదారి మొత్తం తినేశారు. అందుకే ప్రతి గుంటకూ టక్కుమనడం.

ఇలా చేయండి. ఒక రోజు ముందే బోల్టు మరల మీద తుప్పు వదిలించే నూనె కొట్టండి. మన కోస్తా బండ్లకు ఇది తప్పనిసరి, లేకపోతే బోల్టు తల గుండ్రమైపోతుంది. పక్కరోజు బోల్టు ఎన్ని మరలు బయటికి ఉందో స్కేలుతో కొలిచి రాసుకోండి, తల మీద రంగుతో గీత గీయండి. వెనక్కి రావాలంటే ఆ గీతే దారి. ఎడమ కుడి చక్రాలను కలిపే యాంటీ రోల్ బార్ లింకు ఒకవైపు విప్పండి, లేకపోతే ఎడమ తిప్పితే కుడి కూడా కదిలి లెక్క తప్పుతుంది. జాకీతో ఛాసిస్ లేపి, తప్పకుండా జాకీ స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలు వేలాడనివ్వండి. జాకీని ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి తల పెట్టకండి. ఇటుకల మీద అసలే వద్దు.

చక్రాలు వేలాడుతుండగానే మధ్య బిందువు నుంచి మడ్‌గార్డుకు మళ్లీ కొలవండి. నిలిచినప్పటి కొలతకూ దీనికీ తేడాయే మీ కిందిదారి. మొత్తం కదలికలో మూడో వంతైనా ఇటు మిగలాలి.

రెండు వైపులా సమానంగా రెండేసి చుట్లు తిప్పి బండి దింపండి. దింపగానే కొలిస్తే తప్పు వస్తుంది. వేలాడిన చక్రాలు లోపలికి ముడుచుకొని ఉంటాయి, దింపినా వెంటనే విచ్చుకోవు, బండి అబద్ధపు ఎత్తు చూపిస్తుంది. పదిహేను మీటర్లు ముందుకూ వెనక్కూ నడిపి, బంపరు అదిమి, అప్పుడు కొలవండి. నాకు ఒక చుట్టుకు దాదాపు 4 మిల్లీమీటర్లు వచ్చింది, మీ బండికి వేరుగా రావచ్చు. మొత్తం 21 మిల్లీమీటర్లు లేపాల్సి ఉండగా నేను 16 దగ్గర ఆపేశాను. ఆ 5 కోసం కిందిదారి పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. బంప్ రబ్బరు దగ్గర సందు రెండు వేళ్లు పట్టేంత వచ్చింది, నాకు కావలసింది అదే.

30 మిల్లీమీటర్లకు మించి లేపాల్సి వస్తే బోల్టుతో కాదు, లావు కడ్డీతోనే ఆ పని చేయాలి.

కాయిల్ స్ప్రింగుల బండ్లు

2020 తర్వాతి థార్‌కు ముందూ వెనకా, జిమ్నీకి ముందూ వెనకా, బొలెరోకు ముందు ఉండేవి కాయిల్స్. ఇక్కడ తిప్పడానికి బోల్టు ఉండదు. దుకాణంలో ముందుగా చూపించేది స్పేసర్, అంటే స్ప్రింగు మీద పెట్టే అల్యూమినియం లేదా గట్టి ప్లాస్టిక్ బిళ్ల. అది ఎత్తు ఇస్తుంది, బలం ఇవ్వదు. తగిలించిన బరువు చిన్నదై, 15 నుంచి 20 మిల్లీమీటర్లు చాలనుకుంటే పర్వాలేదు. దానికి మించితే సరైన స్ప్రింగు కొనండి.

సరైన స్ప్రింగు అంటే ఏది? మంచి తయారీదారులు ఒకే బండికి రెండు మూడు రకాలు ఇస్తారు: అదనపు బరువు లేనివాటికి, 50 కిలోల దాకా ఉన్నవాటికి, 100 దాకా ఉన్నవాటికి. ఇదంతా ఎప్పుడూ బండి మీదే ఉండే బరువు గురించి. అప్పుడప్పుడు ఎక్కే మనుషులు ఇందులోకి రారు. మీ చేతిలో కాటా చీటీ ఉంటే ఏది కావాలో మీరే చెప్పొచ్చు. స్ప్రింగు గట్టిదనం ఎంత శాతం పెరగాలన్నదానికి నేను వాడే కొలమానం ఇది: ఆ ఇరుసు మీది బరువు ఎంత శాతం పెరిగిందో దాదాపు అంతే. ముందు 800 కిలోలు ఉన్నది 900 అయితే పెరిగింది 12 శాతం పైచిలుకు, స్ప్రింగు కూడా 12 నుంచి 15 శాతం గట్టిది చాలు. 40 శాతం గట్టిది వేస్తే బండి ఎద్దుబండిలా ఎగురుతుంది. సోమశిల వైపు గులకరాళ్ల దారిలో చక్రం నేలను వదిలి లేస్తుంటుంది, పట్టు ఉండదు.

స్ప్రింగు గట్టిపడితే షాక్ అబ్సార్బర్ కూడా దానికి సరిపోవాలి. పాతది ఆ ఊపును ఆపలేదు. రెండూ ఒకేసారి మార్చితే కూలీ కూడా ఒకసారే.

ముందు స్ట్రట్ (కాయిల్, షాక్ అబ్సార్బర్ కలిసి ఉండే భాగం) విప్పడం ఇంట్లో చేయకండి. నొక్కిన కాయిల్‌లో ఉండే బలం మనిషి ప్రాణం తీయగలదు. కాయిల్‌ను నొక్కిపట్టే కంప్రెసర్ సామాను, దాని మీద చేయి తిరిగిన మనిషి ఉన్న చోటే చేయించండి.

వెనక కమాన్ కట్టలు

బొలెరో, వి-క్రాస్, పాత థార్ వెనక ఇవే. నా బండి వెనక పనిముట్ల పెట్టె, రెండు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు, తాడు కట్టే హుక్కు కలిపి 80 కిలోలు ఎప్పుడూ ఉంటాయి. వాటికి తోడు చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్ మోటారు ఎక్కితే వెనక కూడా కుంగేది.

మన దగ్గర మొదట వినిపించే సలహా "పాత పట్టీలు సెట్టింగ్ చేయిద్దాం" అని. ఇందులో రెండు రకాలున్నాయి, తేడా తెలుసుకోండి. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచితే ఆ పట్టీ ఉక్కు పదును పోతుంది. వారం రోజులు అందంగా ఉంటుంది, తర్వాత మళ్లీ చదును, లేదా ఆ కాల్చిన చోటే విరుగుడు. కాల్చకుండా చల్లగా కొట్టే పద్ధతి వేరు. ఆటోనగర్‌లో నేను నిలబడి చూశాను. పెద్దాయన పట్టీని దిమ్మె మీద లోపలి వంపు పైకి ఉండేలా పెట్టి, సుత్తితో వేలెడు వేలెడు జరుపుతూ ఒకే బలంతో కొట్టుకుంటూ పోయాడు. పది దెబ్బలకోసారి పక్క పట్టీ మీద పెట్టి వెలుతురుకు ఎత్తి సందు చూశాడు. రెండు చివరలా తాకి మధ్యలో సన్నని వెలుగు గీత కనిపించాక కింద పెట్టాడు. కట్ట బిగించాక ఆ గీత మూసుకుపోయింది. ఇలా చేయగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు. దొరికితే వాళ్లు అడిగినంత ఇవ్వండి.

ఎప్పుడూ ఉండే బరువుకు నేను ఒక పట్టీ కలిపించాను. కట్టలోని పట్టీల కంటే మందంగా ఉన్నది కలపొద్దు. ఒక్కటే మందంగా ఉంటే భారమంతా తనే మోసి ముందు తనే విరుగుతుంది. దాని పొడుగు, కట్ట మధ్యలోని పట్టీల వరసలో ఒదిగేలా ఉండాలి. కట్ట విప్పేటప్పుడు సెంటర్ బోల్టుకు రెండు పక్కలా సి-క్లాంపులు బిగించాకే నట్టు తీయాలి, లేకపోతే పట్టీలు ఎగిరి తగులుతాయి. కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవి వేయించండి, పాతవి సాగి ఉంటాయి. వాటిని నాలుగు మూలలూ మార్చి మార్చి బిగించాలి, బండి పుస్తకంలో ఇచ్చిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి.

షాకిల్ బోల్టులు మాత్రం చక్రాలు నేల మీద ఆనాకే చివరి బిగింపు బిగించాలి. చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ ఆ స్థితిలో పట్టుకుపోతుంది. బండి దించగానే రబ్బరు మెలిక తిరిగి ఎప్పుడూ లాగుతూ ఉంటుంది, ఎత్తు తప్పు చూపిస్తుంది, ఏడాదిలోపు చిరుగుతుంది. కొత్త కట్టలు వేసినా ఏదో కిర్రుమంటోందని వచ్చే చాలా బండ్లలో జరిగింది ఇదే.

బరువు ఒక రోజు ఉండి ఒక రోజు లేనివాళ్లకు కట్టకు, ఛాసిస్‌కు మధ్య పెట్టే గాలి సంచులు సుఖం. బరువు ఎక్కితే గాలి పెంచాలి, దించితే తగ్గించాలి. ఆ ఓపిక ఉంటేనే పెట్టించండి.

ఎత్తు కుదిరాక చేయాల్సినవి

వీల్ అలైన్‌మెంట్ అదే రోజు చేయించండి. ముందు ఎత్తు మారితే చక్రాల వాలు, చక్రాలు చూసే దిశ రెండూ మారతాయి. నా టైర్లను తినేసింది ఇదే. డ్రైవర్ సీట్లో మనిషి బరువు ఉంచే చేయమని చెప్పండి.

స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి బ్రేకు గొట్టాలు ఎక్కడా బిగుసుకోవడం లేదని చూడండి. యాక్సిల్ రబ్బరు బూట్ల మడతలు ఒకదానికొకటి రాసుకోకూడదు. బొలెరోలాంటి కొన్ని బండ్లకు వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య కడ్డీతో ఒక బ్రేకు వాల్వు ఉంటుంది. వెనక ఎత్తు చూసి బరువు అంచనా వేసి వెనక బ్రేకుకు ఎంత ఒత్తిడి ఇవ్వాలో అది నిర్ణయిస్తుంది. వెనక లేపితే బండి ఖాళీగా ఉందనుకొని బ్రేకు తగ్గిస్తుంది. బరువు మీద ఉన్న బండికి అది ప్రమాదం. ఆ కడ్డీ సెట్టింగ్ సరిచేయించడం మర్చిపోకండి, మెకానిక్ చెప్పకపోయినా మీరే అడగండి.

హెడ్‌లైట్లకు సాయంత్రం పూట పది నిమిషాలు చాలు. గోడకు పది మీటర్ల దూరంలో చదునైన నేల మీద బండి నిలిపి, లైటు మధ్య ఎత్తును గోడ మీద చాక్‌పీసుతో గీయండి. దాని కింద 10 సెంటీమీటర్లకు ఇంకో గీత. లో బీమ్ పై అంచు ఆ కింది గీత దగ్గర ఉండాలి. 16వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిళ్లు ఎదురుగా వచ్చేవాళ్లు మిమ్మల్ని తిట్టుకోకుండా ఉంటారు.

ఆ తర్వాత బండిని దారిలో పరీక్షించండి. నేను ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వెళ్లొచ్చాను. ఊరూరా స్పీడ్ బ్రేకర్లు, మధ్యలో పాడైన రోడ్డు, అన్నీ ఉన్న దారి. ఖాళీ జాగా చూసుకొని 40 వేగంతో గట్టిగా బ్రేకు కొట్టి చూడండి, బండి పక్కకు లాగకూడదు. 100 కిలోమీటర్ల తర్వాత యూ బోల్టులు మళ్లీ బిగించండి, 500 దగ్గర ఇంకోసారి. కొత్త స్ప్రింగులు, పట్టీలు మొదటి వెయ్యి కిలోమీటర్లలో 5 నుంచి 10 మిల్లీమీటర్లు కూర్చుంటాయి. అందుకే వెయ్యి దాటాక అదే గోడౌన్ నేల మీద, అదే మూడు బస్తాలు సీట్లో పెట్టి, మళ్లీ నాలుగు మూలలా కొలవండి. ఆ అంకెలు కాగితం మీద రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి. బండి ఏ షెడ్డుకు ఇచ్చినా ఆ కాగితం చేతికిచ్చి, ఈ కొలతలు మార్చవద్దని చెప్పండి.

చెరువుల మీద తిరిగే బండ్లకు ఇంకొక్క పని. ఉప్పునీటి గట్టు మీద తిరిగిన రోజు సాయంత్రమే మంచినీళ్ల పైపు పెట్టి కమాన్ కట్టల సందుల్లో, టార్షన్ బోల్టు మరల మీద, కాయిల్ గిన్నెల్లో మట్టి పోయేదాకా కడగండి. ఆరాక బోల్టు మరలకు కాస్త గ్రీజు రాయండి. ఆ బోల్టు మళ్లీ తిప్పాల్సిన రోజు పానాకు లొంగుతుంది.